మన్యసీమలో వృక్షోద్యానం

పాఠ్యభాగ ఉద్దేశం

విహారానికి పెంచే ఉద్యానవనానికీ, విజ్ఞానానికి పెంచే వృక్షోద్యానానికీ గల భేదాన్ని విద్యార్థులకు తెలియజేయడం. తూర్పు కనుమల వృక్షసంపదను, ఆ సంపదను తరతరాలుగా ఎరిగిన గిరిజనుల జ్ఞానాన్ని కాపాడవలసిన అవసరాన్ని వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

కావ్యంలో ఉండదగిన అష్టాదశ వర్ణనలలో ఉద్యానవిహారాన్ని కూడా మన ఆలంకారికులు చేర్చారు. అందువలన ప్రబంధాలలో పూదోట లేని నగరం కనిపించదు. మావి చిగుళ్లు, మల్లెపొదలు, కోయిల కూతలు, తుమ్మెదల రొదలు ఆ తోటలను ముంచెత్తుతాయి. అయితే ఆ చెట్లన్నీ నాయికా నాయకుల భావాలకు ఉద్దీపనలు మాత్రమే. ఏ మావి ఏ కొండ నుంచి వచ్చిందో, దానిని ఎవరు తెచ్చి నాటారో, దాని బెరడు ఏ రోగానికి పనికివస్తుందో కవి చెప్పడు, పాఠకుడు అడగడు. అందం అక్కడ పరమావధి.

వృక్షోద్యానం పరమావధి వేరు. దానినే బొటానికల్ గార్డెన్ అని వ్యవహరిస్తున్నారు. అక్కడ కూడా పూలు పూస్తాయి, నీడ ఉంటుంది, చూడవచ్చిన వారికి ఆహ్లాదం కలుగుతుంది. కాని ఆ తోటలోని ప్రతి మొక్కకూ ఒక సంఖ్య, ఒక శాస్త్రీయ నామం, అది పుట్టినచోటి వివరం, నాటిన తేదీ ఒక పుస్తకంలో నమోదై ఉంటాయి. ఈ నాలుగూ లేని తోట ఎంత సుందరమైనదైనా విహారవనమే అవుతుంది. ఈ నాలుగూ ఉన్న తోట ఎంత చిన్నదైనా వృక్షోద్యానమే అవుతుంది.

ఓషధి కోసం వెళ్లిన హనుమంతుడు మొక్కను గుర్తించలేక పర్వతాన్నే పెకలించి తెచ్చిన కథ తెలుగువారందరికీ తెలిసినదే. ఆయనకు బలం ఉంది, వేగం ఉంది, భక్తి ఉంది; మొక్కను పోల్చుకొనే పరిచయం మాత్రం లేదు. కొండను మోయగలవాడు కనుక ఆయనకు చెల్లింది. తక్కినవారు మొక్కను గుర్తుపట్టడమే నేర్చుకోవాలి. ఆ నేర్పును ఒక తరం నుంచి మరొక తరానికి అందించడానికి ఏర్పడిన పాఠశాలయే వృక్షోద్యానం.

విద్యాలయంలో పుట్టిన తోట

వృక్షోద్యానం విశ్వవిద్యాలయంలోనే పుట్టింది. ఇటలీ దేశంలో 1544 ప్రాంతంలో పీసాలోనూ, 1545లో పాడువాలోనూ వైద్యవిద్యార్థుల కోసం మొక్కల తోటలను నెలకొల్పారు. ఆ కాలంలో మందులన్నీ మూలికల నుంచి తయారయ్యేవి. ఒక మూలికకు బదులు మరొకటి వాడితే రోగి ప్రాణానికే ముప్పు. కనుక వైద్యుడు కావలసినవాడు పుస్తకంలోని బొమ్మను కాక, పచ్చని మొక్కను చూసి గుర్తుపట్టాలని ఆచార్యులు భావించారు. పాడువా తోట నేటికీ మొదట వెలసిన చోటనే ఉంది. అక్కడ 1585లో నాటిన ఒక తాళజాతి వృక్షం ఇంకా బతికే ఉంది. నాటిన సంవత్సరాన్ని ఇంత నిశ్చయంగా చెప్పగలగడానికి కారణం ఆ తోటలో పుస్తకం తప్పకుండా రాయడమే.

కాలక్రమంలో ఈ తోటలు వర్తకానికీ, సామ్రాజ్య విస్తరణకూ సాధనాలయ్యాయి. 1787లో రాబర్ట్ కిడ్ ప్రయత్నంతో కలకత్తా సమీపాన హుగ్లీ నది ఒడ్డున ఈస్టిండియా కంపెనీ తోట వెలసింది. ఓడలకు టేకు, అంగళ్లకు సుగంధద్రవ్యాలు దొరకాలన్నది అప్పటి కోరిక. మొక్క విలువను అది తెచ్చే ధనంతో కొలిచిన కాలమది. అయినా ఆ కొలతల నడుమనే భారతదేశపు వృక్షశాస్త్రం రూపుదిద్దుకొంది. అందులో తెలుగునేలకు గణనీయమైన స్థానం ఉంది.

సామర్లకోట చెప్పే పాఠం

నేటి కాకినాడ జిల్లాలోని సామర్లకోటలో 1780 దశకంలో విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండు వైద్యుడు ఒక తోటను పెంచాడు. కంపెనీ కొలువులో వైద్యుడుగా వచ్చిన ఆయన దృష్టి రోగుల కంటె మొక్కల మీదకు ఎక్కువగా మళ్లింది. సమీపపు కొండలలో అడవి మిరియపు తీగ పెరుగుతున్నదని గ్రహించి, మిరియాల సాగుకు ప్రయత్నించాడు. కాఫీ, దాల్చిన, జాజి వంటి మొక్కలను తెప్పించి ఈ నేలలో పరీక్షించాడు. 1793లో కలకత్తా తోటకు అధికారిగా వెళ్లేవరకు ఆయన కృషికి సర్కారు సీమయే కేంద్రం. ఆయన రచించిన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథం 1795 నుంచి మూడు సంపుటాలుగా వెలువడింది. అందులో 300 చిత్రఫలకాలున్నాయి. ఆయన కోసం ఆ మొక్కలను చిత్రించిన వారు భారతీయ చిత్రకారులు.

ఈ గ్రంథంలో తెలుగువారు గమనించవలసిన విశేషం ఒకటుంది. రాక్స్‌బర్గ్ మొక్కల లాటిన్ నామాలతోపాటు వాటి తెలుగు పేర్లను కూడా శ్రద్ధగా నమోదు చేశాడు. రాజమహేంద్రవరం సీమ కొండలలో పెరిగే సోమిద చెట్టు బెరడు జ్వరాన్ని తగ్గిస్తుందని తెలుసుకొని, దక్షిణ అమెరికా నుంచి వచ్చే సింకోనా బెరడుకు బదులుగా దానిని వాడవచ్చునని భావించాడు. తరువాతి శాస్త్రజ్ఞులు ఆ చెట్టు ప్రజాతికి 'సోయ్‌మిడా' అని పేరు పెట్టారు. అలా ఒక తెలుగు మాట ప్రపంచ వృక్షశాస్త్రంలో స్థిరపడింది.

ఇక్కడ ఒక ప్రశ్న పుడుతుంది. ఆ చెట్టు పేరు సోమిద అని ఆ వైద్యునికి చెప్పినవారెవరు? దాని బెరడు గుణాన్ని ముందుగా ఎరిగినవారెవరు? కొండల వెంట తిరిగే మూలికలవాడో, పశువుల కాపరియో, వంటచెరకుకు వెళ్లిన ఇల్లాలో చెప్పి ఉండాలి. వారి పేర్లు గ్రంథానికి ఎక్కలేదు. మొక్కకు పేరు మిగిలింది. పేరు చెప్పినవారికి పేరు మిగలలేదు. ఈనాడు మన్యంలో కొత్తగా వృక్షోద్యానం నిర్మించదలచినవారు సామర్లకోట నుంచి నేర్చుకోవలసిన పాఠం ఇదే.

అరకు కొండల సంపద

ఒడిశాలోని మహానది ప్రాంతం నుంచి తమిళనాడు వరకు తెగుతూ కలుస్తూ సాగే కొండల వరుసకు తూర్పు కనుమలని పేరు. గోదావరి, కృష్ణ, పెన్న ఈ వరుసను చీల్చుకొని సముద్రాన్ని చేరుతాయి. వీటిలో ఉత్తరాంధ్ర కొండలు ఎత్తైనవి. 1,600 మీటర్లు దాటిన శిఖరాలు ఇక్కడ ఉన్నాయి. వాటి నడుమ సుమారు 900 మీటర్ల ఎత్తులో అరకులోయ ఉంది. 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాకు ఇది చెందుతుంది. భగత, కొండదొర, వాల్మీకి, కోటియా, పోర్జా, గదబ, ఖోండు మొదలైన గిరిజన తెగలకు ఈ కొండలు నివాసం.

ఒడిశా వైపు నుంచి దిగివచ్చే గుగ్గిలం అడవులు ఈ సరిహద్దు కొండల దాకా వ్యాపించి, దక్షిణానికి పోయే కొలదీ కనుమరుగవుతాయి. ఇప్ప, వేగిస, మద్ది, తపసి, ఉసిరి, కరక, పనస, చింత కొండవాలుల మీద పెరుగుతాయి. గెడ్డల ఒడ్డున జీలుగు చెట్లు నిలుస్తాయి. మహావృక్షాలను అల్లుకొని అడ్డతీగ పైకి పాకుతుంది. దాని ఆకులే మైదానపు విందులలో విస్తళ్లవుతాయి. పిప్పలి, సర్పగంధ వంటి ఓషధులకు ఈ నేల పుట్టినిల్లు. పోడు చేలలో చోళ్లు, సామలు, కొర్రలు, కందులు కలిసి పండుతాయి. శీతకాలం ఆరంభంలో వలిసె పూలు లోయనంతా పసుపుమయం చేస్తాయి.

ఈ లోయలో తోటలు లేకపోలేదు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1942లో, సైనికులకు కూరగాయలు అందించడానికి పద్మాపురం తోట మొదలైంది. నేడు అది గులాబీలకు, చెట్ల మీద కట్టిన కుటీరాలకు, చిన్న రైలుబండికి పేరుపొంది యాత్రికులను ఆకర్షిస్తున్నది. చింతపల్లిలోని వ్యవసాయ పరిశోధన కేంద్రం ఎత్తైన గిరిజన ప్రాంతపు పంటల మీద కృషి చేస్తున్నది. 1898లో గోదావరి మన్యంలోని పాములేరు లోయలో తొలిసారిగా అడుగుపెట్టిన కాఫీ, ఈనాడు అరకు పేరిట దేశాంతరాలకు చేరింది. 2019లో భౌగోళిక గుర్తింపును కూడా పొందింది. ఇవన్నీ ఉపయోగకరమైనవే. కాని ఒకటి యాత్రికుని కోసం, మరొకటి పంట కోసం, వేరొకటి సంత కోసం ఏర్పడ్డాయి. అడవిలోని మొక్కను దాని కోసమే పేరుపెట్టి పిలిచి, దాని వంశాన్ని నిలిపే తోట వీటన్నిటికీ భిన్నమైనది.

అటువంటి తోట అవసరం నానాటికీ పెరుగుతున్నది. పోడు నేలకు పూర్వం దొరికిన దీర్ఘ విశ్రాంతి ఇప్పుడు దొరకడం లేదు. అడవి పల్చబడినచోట లాంటానా పొదలు ఆక్రమిస్తున్నాయి. కాఫీకి నీడ కోసం ఆస్ట్రేలియా దేశపు సిల్వర్ ఓక్ చెట్లను విరివిగా నాటారు. అవి నిటారుగా, త్వరగా పెరుగుతాయి గాని అడవిలోని నూరు రకాల చెట్ల పనిని ఒక్క జాతి చేయలేదు. అగరువత్తుల పరిశ్రమకు పనికివచ్చే నరమామిడి బెరడును చుట్టూ ఒలిచివేస్తే చెట్టు నిలువునా ఎండిపోతుంది. తపసి చెట్టు జిగురు కోసం లోతైన గాట్లు పెట్టినచోట కూడా ఇదే జరిగింది. గాటు ఎంత లోతుగా, ఎంత వెడల్పుగా పెట్టాలో నేర్పిన తరువాత జిగురూ దొరికింది, చెట్టూ బతికింది. చెట్టును రక్షించేది అడవికి వేసిన కంచె మాత్రమే కాదు. దానిని ఎరిగిన జ్ఞానం కూడా.

తరువనం నుంచి వృక్షోద్యానానికి

విశ్వవిద్యాలయాల ఆవరణలలో సాధారణంగా తరువనాలు ఉంటాయి. తరువనమంటే పలు జాతుల చెట్లను ఒకచోట చేర్చి పెంచే ప్రదేశం. దానికి మూలికలు, తీగలు, ఆర్కిడ్లు, ఫెర్నులు, నీటిమొక్కలు తోడై, నారుమడి, విత్తనశాల, ఎండుమొక్కల భాండాగారం చేరినప్పుడు అది సమగ్రమైన వృక్షోద్యానం అవుతుంది. ఎండుమొక్కల భాండాగారాన్నే హెర్బేరియం అంటారు. మొక్కను పూతతో, కాయతో సహా అదిమి ఆరబెట్టి, మందపాటి కాగితానికి అతికించి, సేకరించిన స్థలమూ తేదీ రాసి భద్రపరుస్తారు. తోటలోని మొక్క గుర్తింపు గురించి సందేహం కలిగినప్పుడు ఈ ఎండుకొమ్మయే సాక్ష్యం చెబుతుంది.

1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం విశాఖ సముద్రతీరాన ఉంది. అక్కడి అధ్యాపకులు, పరిశోధకులు ఈ కొండల మొక్కలను అధ్యయనం చేస్తూ వచ్చారు. విజయనగరంలో 2019లో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ప్రారంభమయింది. తోటకు కావలసిన విద్యావంతులకు ఈ ప్రాంతంలో కొరత లేదు. అయితే చల్లని కొండగాలికి అలవాటుపడిన మొక్క తీరప్రాంతపు ఉప్పుగాలికీ, వేడికీ తట్టుకోలేదు. కొండమొక్కల తోట కొండ మీదనే ఉండాలి.

ఒకే తోటను నమ్ముకోవడం కూడా క్షేమం కాదు. 2014 అక్టోబరు 12న విశాఖ తీరాన్ని తాకిన హుద్‌హుద్ తుపాను నగరంలోనూ, విశ్వవిద్యాలయ ఆవరణలోనూ లెక్కకు మిక్కిలిగా చెట్లను పడగొట్టింది. దాని ధాటి అరకు కొండలకూ పాకి, కాఫీ తోటలలోని నీడచెట్లను కూల్చింది. ఏళ్ల తరబడి పెరిగిన చెట్టు ఒక్క పూటలో నేలకొరిగింది. కనుక అరుదైన ప్రతి జాతినీ తీరంలో బతకగలిగితే తీరంలోనూ, కొండ మీద రెండు మూడు వేర్వేరు చోట్లలోనూ పెంచడం వివేకం. తాళపత్ర గ్రంథానికి ఒకటికి రెండు ప్రతులు రాయించుకొన్న పూర్వుల జాగ్రత్తయే ఇది.

నిర్మాణ క్రమం

వృక్షోద్యాన నిర్మాణం గోతులు తవ్వడంతో ఆరంభం కాదు, అనుమతితో ఆరంభమవుతుంది. షెడ్యూల్డు ప్రాంతంలోని భూమి గిరిజనేతరుల పాలు కాకుండా 1970 నాటి నిబంధన రక్షిస్తున్నది. దానినే ప్రజలు ఒకటి బై డెబ్భై చట్టం అంటారు. 1996 నాటి పీసా చట్టం గ్రామసభకు మాట చెప్పే హక్కునిచ్చింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం అడవి ఫలసాయం మీద గిరిజనుల హక్కును గుర్తించింది. తోట కోసం ఒక కుటుంబపు చేను పోతే, ఆ తోటలో ఎన్ని జాతులు బతికినా న్యాయం బతకదు. పంటపొలాలను విడిచి, చెట్లు నరికివేయగా బోడిపడిన కొండవాలును గ్రామసభ సమ్మతితో ఎన్నుకోవడం ఉత్తమం. అప్పుడు తోట పెరుగుదలయే నేలకు చికిత్స అవుతుంది.

స్థలం నిశ్చయమైన తరువాత పటం గీస్తారు. వాలు ఎటు ఉంది, గెడ్డ ఎక్కడ పారుతుంది, మధ్యాహ్నపు ఎండ ఎచ్చట పడుతుంది, వానకు మట్టి ఎక్కడ కోసుకుపోతుంది అనే విషయాలను కనీసం ఒక ఏడాదిపాటు గమనిస్తారు. వాలుకు అడ్డంగా కందకాలు తవ్వి వాననీటిని ఇంకిస్తారు. వేసవి కార్చిచ్చు లోపలికి రాకుండా ఎండుగడ్డి తొలగించిన వెడల్పాటి బాటలను చుట్టూ ఉంచుతారు. లాంటానా పొదలను వేళ్లతో సహా పెరికివేస్తారు.

అనంతరం విత్తన సేకరణ మొదలవుతుంది. ఇది మొత్తం పనిలో అతి సూక్ష్మమైనది. ఒక్క తల్లిచెట్టు గింజలనే తెచ్చి నూరు మొక్కలు పెంచితే, చూడడానికి నూరు చెట్లు కనిపించినా అవన్నీ ఒకే ఇంటి పిల్లలు. ఒక తెగులు సోకితే అన్నీ ఒకేసారి లొంగిపోవచ్చు. అందువలన వేర్వేరు కొండలలోని పలు చెట్ల నుంచి, ఒక్కొక్క చెట్టు నుంచి కొద్దికొద్దిగా గింజలు తీసుకోవాలి. అడవిలో మొలకెత్తవలసిన గింజలను ఊడ్చి తేకూడదు. ఏ చెట్టు గింజ ఏ సంచిలో ఉందో అక్కడికక్కడే రాసుకోవాలి. సాయంకాలం గుర్తుచేసుకొని రాద్దామనుకొంటే సగం వివరం దారిలోనే జారిపోతుంది.

నారుమడికి చేరిన ప్రతి సేకరణకూ ఒక నమోదు సంఖ్య ఇస్తారు. ఉదాహరణకు 2025వ సంవత్సరంలో పదిహేడవదిగా చేరిన మొక్కకు 2025-0017 అని సంఖ్య వేస్తే, ఆ మొక్క తోటలో ఎక్కడికి మారినా, చివరకు చచ్చిపోయినా ఆ సంఖ్య మరొక మొక్కకు చెందదు. మొక్క చనిపోతే ఆ విషయం కూడా కారణంతో సహా పుస్తకంలో రాస్తారు. ఎండకు పోయిందా, చెదలు తిన్నదా, పశువులు మేశాయా అనే వివరం తరువాత నాటేవారికి దారి చూపుతుంది. బతికిన మొక్క ఎంత నేర్పుతుందో చచ్చిన మొక్క కూడా అంతే నేర్పుతుంది.

మొక్కలను నాటే అమరికలో రెండు పద్ధతులున్నాయి. బంధుత్వం గల జాతులను పక్కపక్కన నాటడం ఒకటి. అడవిలో కలిసి జీవించే జాతులను కలిపి నాటడం రెండవది. మొదటిది తరగతి గదికి అనుకూలం, రెండవది ప్రకృతికి అనుకూలం. తూర్పు కనుమల తోటకు రెండవ పద్ధతి తగినది. గుగ్గిలం నీడలో పెరిగే మొక్కలు ఒక భాగంలో, ఇప్ప, వేగిస, తపసి ఉండే ఆకురాల్చే అడవి మరొక భాగంలో, జీలుగు, ఫెర్నులు గెడ్డ ఒడ్డున, ఓషధులు నివాసాలకు దగ్గరగా, పోడు పంటల దేశవాళీ విత్తనాలు ఒక చేనుగా నెలకొల్పవచ్చు. కాఫీ, వలిసె ఆఫ్రికా ఖండం నుంచి వచ్చినవి. సిల్వర్ ఓక్ ఆస్ట్రేలియాది. వాటికి కూడా ఒక మూల చోటివ్వవచ్చు. మొక్క పరాయిదైనంత మాత్రాన పనికిరానిది కాదు. అది ఎక్కడి నుంచి వచ్చిందో నామఫలకం మీద నిజం రాయాలి.

గింజలు చెప్పే నిజం

విత్తనాలను శీతల గిడ్డంగులలో దాచుకోవచ్చు కదా, ఇంత శ్రమపడి తోట పెంచడం దేనికని కొందరు ప్రశ్నించవచ్చు. వరి, చోళ్లు, కందులు వంటి గింజలను బాగా ఆరబెట్టి, సున్న కంటె చాలా తక్కువ ఉష్ణోగ్రతలో ఉంచితే దశాబ్దాల తరువాత కూడా మొలకెత్తుతాయి. కాని అన్ని గింజలకూ ఈ స్వభావం లేదు. గుగ్గిలం, ఇప్ప, పనస, మామిడి గింజలు తడి ఆరితే చనిపోతాయి. గుగ్గిలం గింజ తొలకరి వానల వేళ చెట్టు నుంచి రాలి, కొద్ది రోజులలోనే మొలకెత్తే శక్తిని కోల్పోతుంది. ఆ నాలుగు రోజులలో అది తడినేలకు చేరాలి. లేకపోతే ఆ ఏటి సంతానం లేనట్లే.

ఇటువంటి చెట్లను పెట్టెలో దాచడం సాధ్యం కాదు. వాటిని దాచదగిన పెట్టె నేల ఒక్కటే. గుగ్గిలం వేళ్లకు మట్టిలోని ఒక రకం శిలీంధ్రాలతో సహవాసం ఉంటుంది. అందువలన గుగ్గిలం అడవి మట్టిని కొంత నారుమడిలో కలిపితే మొక్కలు చక్కగా నాటుకొంటాయి. చెట్ల కొమ్మలను ఆశ్రయించే ఆర్కిడ్ల గింజలు ధూళివలె ఉంటాయి. వాటిలో మొలకకు కావలసిన ఆహారం ఉండదు. అవి కూడా శిలీంధ్రాల సాయంతోనే మొలుస్తాయి, లేదా ప్రయోగశాలలో గాజుసీసాల నడుమ పెరగాలి. తూర్పు కనుమలకే చెందిన తమిళనాడులోని ఏర్కాడు కొండల మీద భారత వృక్ష సర్వేక్షణ సంస్థ ఆర్కిడ్ల కోసం ప్రత్యేకోద్యానాన్ని నిర్వహిస్తున్నది. ఒంటరి మొక్క అంటూ ప్రకృతిలో లేదు. మొక్కను రక్షించడమంటే దాని ఇరుగుపొరుగును కూడా రక్షించడమే.

పేర్లు చెప్పినవారు

మన్యంలో మొక్కకు ఒకే పేరు ఉండదు. తెలుగు, ఆదివాసీ ఒడియా, కువి, గదబ మొదలైన భాషలు మాట్లాడే ప్రజలు పక్కపక్క గ్రామాలలో నివసిస్తారు. ఒకే మొక్కకు నాలుగు పేర్లుండవచ్చు. ఒకే పేరు రెండు మొక్కలకు చెల్లవచ్చు. ఈ చిక్కును విడదీయడానికే శాస్త్రీయ నామం ఏర్పడింది. అయితే శాస్త్రీయ నామం స్థానిక నామాన్ని తుడిచివేయకూడదు. శాస్త్రీయ నామం మొక్క బంధువులెవరో చెబుతుంది. స్థానిక నామం అది మనుషులకు ఏమవుతుందో చెబుతుంది. తోటలోని నామఫలకం మీద రెండిటికీ స్థానం ఉండాలి. పేరు చెప్పిన పెద్ద అనుమతిస్తే, ఆ వ్యక్తి పేరు, గ్రామం నమోదు పుస్తకంలో చేరాలి. సామర్లకోటలో జరగనిది అరకులో జరగాలి.

గిరిజనుల ఆచారాలలో కూడా రక్షణ సూత్రాలున్నాయి. మామిడి కొత్త, సామ కొత్త, కొర్ర కొత్త అనే పండుగలు జరిపి, దేవతకు సమర్పించిన తరువాతనే కొత్త పంటను తినడం వారి కట్టుబాటు. కాయ పక్వానికి రాకముందే కోయకుండా ఈ నియమం ఆపుతుంది. వృక్షశాస్త్రం విత్తన పరిపక్వత అని చెప్పే విషయాన్ని వారు పండుగగా చేసుకొన్నారు.

ఈ జ్ఞానాన్ని గౌరవించడమంటే పొగడడం మాత్రమే కాదు. కేరళలో పాలోడు వద్ద 1979లో ఏర్పడిన ఉష్ణమండల వృక్షోద్యాన పరిశోధన సంస్థ అనుభవం ఇందుకు ఉదాహరణ. 1987లో అడవిలో పర్యటిస్తున్న శాస్త్రజ్ఞులకు దారి చూపిన కాణి తెగవారు ఒక మొక్క పండ్లు తింటూ అలసట లేకుండా నడవడం వారి దృష్టికి వచ్చింది. అదే ఆరోగ్యపచ్చ. దాని ఆధారంగా ఆ సంస్థ ఒక ఔషధాన్ని రూపొందించి, తయారీ హక్కును ఒక కంపెనీకి ఇచ్చి, వచ్చిన రుసుములో సగభాగాన్ని కాణి ప్రజలకు కేటాయించింది. ఆ సొమ్ము కోసం 1997లో వారు ఒక ట్రస్టును ఏర్పరచుకొన్నారు. ఆ ఏర్పాటులో లోపాలు లేకపోలేదు; అడవి నుంచి మొక్క సేకరణ, లాభాల పంపకం గురించి తరువాత వివాదాలు వచ్చాయి. అయినా తెలిసినవారికి వాటా ఉండాలనే సూత్రం అక్కడ ఆచరణలోకి వచ్చింది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ఈ సూత్రాన్ని దేశమంతటికీ వర్తింపజేసింది.

కనుక మన్యపు వృక్షోద్యానంలో గిరిజనులు కూలికి గోతులు తవ్వేవారుగా మాత్రమే ఉండరాదు. విత్తనం ఎప్పుడు పండుతుందో చెప్పే నిపుణులుగా, నమోదు పుస్తకం రాసే ఉద్యోగులుగా, పిల్లలకు మొక్కలను పరిచయం చేసే గురువులుగా, నిర్ణయాలు తీసుకొనే సంఘంలో సభ్యులుగా ఉండాలి. కొండమీది పాఠశాల బాలిక ఆ తోటలో తన అవ్వ పిలిచే పేరునే ఫలకం మీద చదివినప్పుడు, తన ఇంటి మాట కూడా విద్యయే అని గ్రహిస్తుంది. ఆ గ్రహింపు ఏ పాఠ్యపుస్తకమూ ఒంటరిగా ఇవ్వలేనిది.

ముగింపు

వృక్షోద్యాన ప్రారంభోత్సవం ఒక్కరోజు పని; నిర్వహణ నూరేళ్ల పని. మొదటి ఐదేళ్లు కలుపు తీయడంతో, నీరు పోయడంతో, చెదలను అదుపు చేయడంతో సరిపోతాయి. ఆ కాలంలో చూడవచ్చిన వారికి కర్రలకు కట్టిన పిలకలు తప్ప మరేమీ కనిపించవు. గుగ్గిలం, వేగిస వంటి చెట్లు నిండుగా ఎదగడానికి కొన్ని దశాబ్దాలు పడుతుంది. నాటిన ఆచార్యుడు విరమిస్తాడు. నీరు పోసిన మాలి వృద్ధుడవుతాడు. తరువాత వచ్చినవారికి వారు మిగిల్చి వెళ్లేవి రెండే: చెట్టు, దానిని గురించి రాసిన పుస్తకం. చెట్టు ఉండి పుస్తకం పోతే తోట మళ్లీ అడవి అవుతుంది. పుస్తకం ఉండి చెట్టు పోతే తోట జ్ఞాపకం అవుతుంది. రెండిటినీ కలిపి కాపాడగల ఓర్పు ఉన్నచోటనే వృక్షోద్యానం నిలుస్తుంది. అటువంటి ఓర్పుకు కొండప్రజలు కొత్తవారు కారు. వారితో కలిసి నడవడం విశ్వవిద్యాలయాలు నేర్చుకోవలసిన విద్య.

కఠిన పదాలకు అర్థాలు

పరమావధి = అంతిమ లక్ష్యం
ఉద్దీపన = భావాన్ని రేకెత్తించేది
తరువనం = చెట్లను పెంచే వనం
ఓషధి = మందుమొక్క
ప్రజాతి = దగ్గరి పోలికలు గల జాతుల సముదాయం
గెడ్డ = కొండవాగు
శిలీంధ్రం = పుట్టగొడుగు వర్గానికి చెందిన జీవి
తొలకరి = వానాకాలపు తొలివాన
పరిపక్వత = పూర్తిగా పండిన స్థితి

ప్రశ్నలు

అ) ఈ క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. విహారవనానికీ వృక్షోద్యానానికీ గల భేదాలను సోదాహరణంగా వివరించండి.
2. అరకు కొండలలో వృక్షోద్యానాన్ని నిర్మించే క్రమాన్ని తెలపండి.
3. గిరిజనుల జ్ఞానానికి వృక్షోద్యానంలో ఎటువంటి స్థానం ఉండాలని రచన సూచిస్తున్నది?

ఆ) ఈ క్రింది ప్రశ్నలకు సంగ్రహంగా సమాధానాలు రాయండి.
1. సామర్లకోట తోట నుంచి నేర్చుకోవలసిన పాఠం ఏమిటి?
2. గుగ్గిలం, ఇప్ప వంటి చెట్లను విత్తనశాలలో భద్రపరచడం ఎందుకు సాధ్యం కాదు?
3. 'బతికిన మొక్క ఎంత నేర్పుతుందో చచ్చిన మొక్క కూడా అంతే నేర్పుతుంది' – ఈ వాక్యాన్ని సమర్థించండి.

ఇ) ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. పాడువా తోట ఏ సంవత్సరంలో వెలసింది?
2. పద్మాపురం తోట మొదట ఏ ప్రయోజనం కోసం ఏర్పడింది?
3. 'సోయ్‌మిడా' అనే శాస్త్రీయ నామానికి మూలమైన తెలుగు మాట ఏది?

ఈ) కృత్యం: మీ గ్రామంలో లేదా కళాశాల ఆవరణలో పెరిగే పది మొక్కల స్థానిక నామాలను పెద్దలనడిగి తెలుసుకొని, వాటి ఉపయోగాలతో ఒక పట్టిక తయారుచేయండి. పేరు చెప్పినవారి అనుమతితో వారి పేర్లను కూడా పట్టికలో చేర్చండి.